కాలి దెబ్బ దాచుకోవద్దు, అదే రోజు రాయించండి



ఈ నెల మన మాట కాళ్ళ గురించి. సోనాపూర్, అల్ కూజ్, జెబెల్ అలీ, షార్జా సజ్జా... మీరు ఏ క్యాంపులో ఉన్నా సరే, పొద్దున బస్సు లైన్ ఒకసారి చూడండి. ఎవరో ఒకరు కుంటుతూ కనబడతారు. "ఏమైంది తమ్మీ?" అని అడిగితే ఎక్కువ మంది చెప్పేది ఒకటే మాట. "ఏం గాలేదన్నా, జర బెణికింది. రెండు రోజుల్ల తగ్గుతది."

చేతికి దెబ్బ తగిలితే రక్తం కారుతది, పది మంది చూస్తారు. కాలి దెబ్బ షూ లోపల, ప్యాంటు లోపల ఉంటది. ఎవరికీ కనబడదు. దాచుకోవడం సులువు. ఆ సులువే మనోళ్ళ కొంప ముంచుతున్నది.

అందుకే ఈసారి చెప్పేది ఒకటే ముక్క. కాలికి దెబ్బ తగిలితే అదే రోజు చెప్పండి, అదే రోజు డాక్టరుకు చూపించండి, అదే రోజు కాగితం మీద రాయించండి. ఎందుకో వివరంగా రాస్తున్నాను. కొంచెం పొడుగు ఉంటది, ఓపికగా చదవండి.

*ఎందుకు దాస్తున్నాం?*

కారణాలు మనందరికీ తెలిసినవే. పని బంద్ అయితే పగారు కట్ అయితదేమో. ఓటీ పోతదేమో. పని తగ్గినప్పుడు ముందు కుంటోణ్ణే ఇంటికి పంపుతారేమో. ఊర్లో వీసాకు తెచ్చిన అప్పు, దాని మీద వడ్డీ. ఇంటి దగ్గర బిడ్డ పెళ్ళి, చెల్లె కాలేజీ ఫీజు. ఇన్ని మోస్తున్నోడు కాలు నొప్పి అని ఎట్ల చెప్తాడు?

ఈ భయం ఉత్తదే అని నేను అనను. ఇరవై ఏళ్ళకు దగ్గరగా సైట్ల మీద ఉన్నాను, నాకు తెలుసు. కానీ లెక్క మాత్రం సరిగ్గా వేద్దాం. చెప్తే ఎంత పోతది, దాస్తే ఎంత పోతది? ముందు కాలు లెక్క చూద్దాం, తర్వాత పైసల లెక్క.

*చిన్నగా కనబడే పెద్ద దెబ్బలు*

*చీలమండ బెణకడం.* మన పనిలో ఎక్కువగా అయ్యేది ఇదే. స్టీల్ రాడ్ల మధ్య అడుగు పడ్డా, నిచ్చెన చివరి మెట్టు తప్పినా పాదం లోపలికి మడతపడి చీలమండ బయటి పక్క నరాల్లాంటి కట్లు సాగుతాయి, ఒక్కోసారి తెగుతాయి. వెంటనే కూర్చోండి. గుడ్డలో ఐస్ చుట్టి పదిహేను ఇరవై నిమిషాలు పెట్టండి. ఆ రోజు, మరుసటి రోజు కూడా కొన్ని గంటలకోసారి అట్లనే చేయండి. క్రేప్ బ్యాండేజీ చుట్టండి, మరీ బిగించవద్దు. పడుకున్నప్పుడు కాలు దిండు మీద ఎత్తుగా పెట్టండి. మొదటి రెండు మూడు రోజులు వేడి కాపడం వద్దు, బామ్ వేసి గట్టిగా రుద్దడం వద్దు. రుద్దితే లోపల వాపు పెరుగుతది.

బెణికిందా, విరిగిందా ఎట్ల తెలుస్తది? దెబ్బ తగలగానే నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే, చీలమండకు అటూ ఇటూ ఉండే గుబ్బ ఎముకల వెనక అంచున వేలితో నొక్కితే ఓర్వలేని నొప్పి ఉంటే, చిటికెన వేలి వైపు పాదం మధ్యలో ఉబ్బుగా ఉండే ఎముక మీద నొప్పి ఉంటే ఎక్స్‌రే తీయాల్సిందే. ఈ మూడింట్లో ఒక్కటి ఉన్నా "చూద్దాంలే" అనవద్దు.

బెణుకు పూర్తిగా తగ్గకముందే పనికి పోతే ఆ కాలు మళ్ళీ మళ్ళీ అక్కడనే మడతపడతది. నేల మీద మడతపడితే కింద కూర్చుంటాం. స్కాఫోల్డింగ్ మీద మడతపడితే ఏమైతదో మీకు చెప్పనవసరం లేదు.

*మేకు దిగడం.* షట్టరింగ్ విప్పిన చోట మేకులు పైకి చూస్తూ పడి ఉంటాయి. షూ అడుగు నుంచి మేకు దిగితే బయటికి చిన్న చుక్కంత రంధ్రం కనబడతది, రక్తం కూడా పెద్దగా రాదు. అందుకే దాన్ని ఎవరూ లెక్కచేయరు. కానీ ఆ మేకు షూ లోపలి చెమట, మురికి, రబ్బరు ముక్క అన్నింటినీ లోతుకు తోసుకుపోతది. పైన తోలు మూసుకుంటది, లోపల చీము పడతది. ఎముకకు పట్టిందంటే నెలల తరబడి మందులు.

వేరే సైట్‌లో ఒక తమ్ముడికి ఇట్లనే అయింది. మేకు పీకేసి, పసుపు పెట్టుకొని, ఐదు రోజులు పనికి పోయాడు. ఆరో రోజు జ్వరం, పాదం ఎర్రగా పొంగింది. ఆస్పత్రిలో ఒక వేలు తీసేశారు. అప్పుడు కంపెనీ వాళ్ళు "ఇది సైట్‌లో అయిందని రుజువేది? రిజిస్టర్‌లో లేదు కదా" అన్నారు. మేకు దిగిన రోజు చెప్పి ఉంటే ఆ వేలు దక్కేదో లేదో డాక్టరు చెప్పాలి. కానీ కాగితం మాత్రం చేతిలో ఉండేది.

మేకు దిగితే కుళాయి కింద బాగా కడగండి. డాక్టరు దగ్గర ధనుర్వాతం సూది సంగతి అడగండి. మురికి గాయం అయినప్పుడు పాత సూది వేసుకొని ఐదేళ్ళు దాటితే మళ్ళీ వేయాలి. ఎప్పుడు వేసుకున్నామో గుర్తులేకపోతే అదే మాట డాక్టరుకు చెప్పండి.

*పై నుంచి కాళ్ళ మీద దూకడం, పడటం.* రెండు మూడు మీటర్ల నుంచి మడమల మీద పడితే మడమ ఎముక పగలొచ్చు. అట్ల పడ్డప్పుడు దెబ్బ పైకి పాకి నడుము ఎముకకు కూడా తగిలే అవకాశం ఉంది. కాలు నొప్పి ఎక్కువగా ఉండి నడుము నొప్పి తెలియదు. అందుకని డాక్టరుకు "పై నుంచి పడ్డాను, నడుము కూడా చూడండి" అని చెప్పాలి. పడ్డ మనిషికి నడుము నొప్పి ఉన్నా, కాళ్ళు తిమ్మిరి ఉన్నా లేపి కూర్చోబెట్టవద్దు, మోసుకుపోవద్దు. 998కు ఫోన్ కొట్టి అంబులెన్స్ వచ్చేదాకా కదలనివ్వవద్దు.

*కాలు మీద బరువు పడటం.* స్టీల్ కట్ట, బ్లాకు, ప్యానెల్ పడి పిక్క నలిగితే ఎముక విరగకపోయినా ప్రమాదం ఉంటది. లోపల వాపు పెరిగి రక్తం ఆడకుండా బిగుసుకుపోతది. గుర్తులు ఇవి: దెబ్బకు మించిన నొప్పి గంట గంటకూ పెరగడం, పిక్క రాయిలాగ గట్టిపడటం, కాలి వేళ్ళు కదిపితే ప్రాణం పోయినట్టు ఉండటం, తిమ్మిరి. ఇది కొన్ని గంటల్లో ఆపరేషన్ చేయాల్సిన స్థితి. "రాత్రి గడవనీ, పొద్దున పోదాం" అంటే కాలు మిగలకపోవచ్చు. కట్టు కట్టిన కాలికి, ప్లాస్టర్ వేసిన కాలికి కూడా ఇట్ల కావొచ్చు.

*సిమెంటు కాలడం.* పచ్చి కాంక్రీట్‌లో గంటల తరబడి మోకాళ్ళ మీద ఉన్నా, గమ్ బూట్ లోపలికి కాంక్రీట్ పోయినా తోలు కాలుతది. సిమెంటు ఘాటైన క్షారం. నిప్పులాగ వెంటనే మండదు, అందుకే మోసపోతాం. సాయంత్రానికి తోలు నల్లబడి ఊడి వస్తది. కాంక్రీట్ బూటులోకి పోయిన నిమిషమే బూటు, సాక్సు విప్పి, కనీసం ఇరవై నిమిషాలు మంచి నీళ్ళు ధారగా పోయండి. స్లాబ్ అయిపోయేదాకా ఆగవద్దు.

*మోకాలు.* టైల్స్ పని చేసేవాళ్ళకు, మేసన్లకు మోకాలి చిప్ప ముందు నీటి బుడగలాంటి వాపు వస్తది. ప్యాడ్ కట్టుకుంటే చాలా వరకు రాదు. ఆ వాపు ఎర్రగా, వేడిగా అయి జ్వరం వస్తే మాత్రం చీము పట్టిందని అర్థం, అదే రోజు డాక్టరు చూడాలి. బరువుతో గుంజీలాగ కూర్చొని పక్కకు తిరిగినప్పుడు "టక్" మని, తర్వాత మోకాలు సగంలో ఇరుక్కుపోతుంటే లోపలి మెత్త చినిగి ఉండొచ్చు. అది బామ్‌తో తగ్గేది కాదు.

*పిక్కలో రక్తం గడ్డకట్టడం.* ఇది దెబ్బ తగిలినోళ్ళకే కాదు, కాలుకు ప్లాస్టర్ వేసి మంచం మీద ఉన్నోళ్ళకు, ఆపరేషన్ అయినోళ్ళకు, గంటల తరబడి విమానంలో కదలకుండా కూర్చున్నోళ్ళకు కూడా రావొచ్చు. ఒక్క కాలు పిక్క మాత్రమే ఉబ్బి, వేడిగా, నొప్పిగా ఉంటది. దాన్ని పొరపాటున కూడా పిసకవద్దు. గడ్డ కదిలి ఊపిరితిత్తులకు పోతే ప్రాణానికే ముప్పు. కాలు వాపుతో పాటు ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే వెంటనే 998.

*షుగర్ ఉన్నోళ్ళు.* మనలో నలభై దాటినోళ్ళలో షుగర్ ఉన్నోళ్ళు చాలా మంది. ఉన్నట్టు తెలియనోళ్ళు కూడా ఉన్నారు. షుగర్ ముదిరితే పాదాలకు స్పర్శ తగ్గుతది. షూలో రాయి ఉన్నా తెలియదు, మేకు దిగినా తెలియదు, ఎండకు కాలిన రేకు మీద అడుగు పెట్టినా తెలియదు. నొప్పి లేదంటే మంచిదే అనుకుంటాం. షుగర్ కాలికి నొప్పి లేకపోవడమే అసలు ప్రమాదం. అట్లాంటోళ్ళు రోజూ రాత్రి అరికాళ్ళు చూసుకోవాలి. వంగి చూడలేకపోతే ఫోన్‌తో ఫోటో తీసుకొని చూడండి.

వేళ్ళ సందుల్లో పాచి పట్టి పగలడం, పొద్దున లేచి మొదటి అడుగు వేయగానే మడమలో పొడవడం లాంటివి అందరికీ ఉండేవే. పగుళ్ళకు రోజూ కడిగి, తడి లేకుండా తుడిచి, ఉతికిన సాక్సు వేసుకుంటే సగం తగ్గుతది. కానీ పగులు దగ్గర ఎరుపు మొదలై పైకి పాకుతుంటే అది ఇన్ఫెక్షన్, ఆలస్యం చేయవద్దు.

*నొప్పి గోలీల సంగతి*

నొప్పి గోలి వేసుకొని డ్యూటీకి పోవడం మనకు అలవాటు. గోలి నొప్పిని ఆపుతది, విరిగిన ఎముకను అతకదు. నొప్పి తెలియక ఆ కాలు మీదే బరువు వేస్తాం, చిన్న పగులు పెద్దదవుతది. పైగా ఎండలో చెమట కారి ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ లాంటివి రోజూ మింగితే కిడ్నీలకు దెబ్బ, కడుపులో పుండు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఊరి నుంచి వచ్చే తమ్ముళ్ళతో నొప్పి మందులు తెప్పించుకునేటప్పుడు జాగ్రత్త. ట్రమడాల్, కోడీన్ ఉన్న మందులను ముందుగా అనుమతి లేకుండా ఈ దేశంలోకి తేవడం నేరం. మెడికల్ షాపువాడు ఇచ్చిన గోలి అని చెప్తే ఎయిర్‌పోర్టులో వినరు.

*ఇప్పుడు పైసల లెక్క*

ఈ దేశపు కార్మిక చట్టం, 2021లో వచ్చిన 33వ నంబరు చట్టం, పని దెబ్బకు ఒక లెక్క, మామూలు జబ్బుకు ఇంకో లెక్క పెట్టింది. ఇది మనలో చాలా మందికి తెలియదు.

పనిలో దెబ్బ తగిలితే: నయమయ్యేదాకా వైద్యం ఖర్చు కంపెనీదే. వైద్యం జరిగినన్ని రోజులు, ఆరు నెలల వరకు పూర్తి జీతం. ఆరు నెలల్లో తగ్గకపోతే ఇంకో ఆరు నెలలు సగం జీతం. కాలులో శాశ్వతంగా లోపం మిగిలితే దాని శాతం తేల్చి పరిహారం ఇవ్వాలి. క్యాంపు నుంచి సైట్‌కు, సైట్ నుంచి క్యాంపుకు మామూలు దారిలో పోయేటప్పుడు, వచ్చేటప్పుడు జరిగిన ప్రమాదం కూడా పని దెబ్బ కిందికే వస్తది. కంపెనీ బస్సు దిగుతూ పడ్డా అంతే.

మామూలు జబ్బు అయితే: ప్రొబేషన్ అయిపోయినోళ్ళకు ఏడాదికి 90 రోజులు సెలవు. అందులో మొదటి 15 రోజులు పూర్తి జీతం, తర్వాతి 30 రోజులు సగం జీతం, మిగిలిన 45 రోజులు ఏమీ లేదు.

నెలకు 1,200 దిర్హాములు తీసుకునే హెల్పర్ కాలు విరిగి నాలుగు నెలలు పడుకున్నాడు అనుకుందాం. సైట్‌లో పడ్డట్టు కాగితం ఉంటే అతనికి 4,800 దిర్హాములు రావాలి. "రూములో జారిపడ్డాడు" అని కాగితం ఉంటే 15 రోజులకు 600, ముప్పై రోజుల సగం జీతం 600, మొత్తం 1,200. అంటే ఒక్క ముక్క తప్పుగా రాయించుకున్నందుకు 3,600 దిర్హాములు పోయినట్టు. పైగా 90 రోజులు దాటినా పనికి రాలేకపోతే తీసేసే అవకాశం కంపెనీకి ఉంటది.

అందుకే "రూములో పడ్డ అని చెప్పు, లేకుంటే లొల్లి అయితది" అని ఎవరన్నా చెప్తే వినవద్దు. డాక్టరు ముందు మీరు చెప్పిన మొదటి మాటే ఫైల్‌లో ఎక్కుతది. తర్వాత మార్చడం చాలా కష్టం.

చట్టం మనకూ కొన్ని షరతులు పెట్టింది. కావాలని చేసుకున్న దెబ్బకు, తాగి ఉన్నప్పుడు తగిలిన దెబ్బకు, బోర్డు పెట్టి చెప్పిన సేఫ్టీ నియమాలను తెలిసీ కావాలని మీరితే తగిలిన దెబ్బకు పరిహారం పోతది. కారణం లేకుండా డాక్టరు పరీక్షకు పోనన్నా, చెప్పిన వైద్యం చేయించుకోకపోయినా పోతది. సేఫ్టీ షూ తీసేసి చెప్పులతో స్లాబ్ ఎక్కడం, రెండో చెకప్‌కు పోకుండా ఎగ్గొట్టడం మన హక్కును మనమే కాళ్ళదన్నుకోవడం. షూ చినిగితే కొత్తది కంపెనీయే ఇవ్వాలి, అడగండి.

ఇళ్ళల్లో పనిచేసే డ్రైవర్లకు, వంటవాళ్ళకు, ఆడబిడ్డలకు వేరే చట్టం ఉంది. కానీ అదే రోజు చెప్పడం, రాయించడం అనేది వాళ్ళకూ అంతే అవసరం.

*దెబ్బ తగిలిన రోజు చేయాల్సినవి*

1. పని ఆపండి. ఫోర్‌మన్‌కు, సేఫ్టీ ఆఫీసర్‌కు చెప్పండి. పక్కన చూసిన ఇద్దరి పేర్లు గుర్తుపెట్టుకోండి.

2. నోటితో చెప్పింది గాలికి పోతది. ఫోర్‌మన్‌కు వాట్సాప్ మెసేజ్ గానీ వాయిస్ గానీ పెట్టండి: ఎక్కడ, ఎన్నింటికి, ఎట్ల తగిలింది. ఆ మెసేజ్‌లో తేదీ, టైమ్ దానంతట అదే ఉంటది. దెబ్బ ఫోటో తీయండి. మీ కాలు మాత్రమే తీయండి, వేరే మనుషులు పడకుండా చూసుకోండి. ఈ దేశంలో అనుమతి లేకుండా ఇంకొకరి ఫోటో తీస్తే కేసు.

3. సైట్ నర్సు దగ్గర రిజిస్టర్‌లో రాయించండి. కట్టు కట్టి పంపితే సరిపోదు, మీ పేరు ఎక్కాలి.

4. డాక్టరుకు ఇంగ్లీష్ రాకపోయినా "కామ్ పే చోట్ లగీ హై" అని చెప్పండి. రాసిన కాగితంలో పని దగ్గర దెబ్బ అని ఉందో లేదో చదువొచ్చినోళ్ళతో చూపించుకోండి.

5. ప్రతి కాగితం, ఎక్స్‌రే, మందుల చీటీ ఫోటో తీసి ఇంటికి కూడా పంపండి. ఫోన్ పోయినా అక్కడ ఉంటది.

6. అర్థం కాని కాగితం మీద సంతకం, వేలిముద్ర వేయవద్దు. "చదివించుకొని రేపు పెడతా" అనండి.

*తోటి ఫోర్‌మన్లకు, సూపర్‌వైజర్లకు ఒక మాట*

సైట్ గేటు దగ్గర బోర్డు ఉంటది, ఇన్ని లక్షల గంటలు ప్రమాదం లేకుండా పని చేశాం అని. ఆ అంకె చెడిపోవద్దని పైనుంచి మన మీద ఒత్తిడి ఉంటదని అందరికీ తెలుసు. కానీ అంకె నిలబెట్టడానికి మనిషి కాలు దాచిపెట్టే పని మనది కాదు. మన గ్యాంగులో ఒకడు కుంటుతుంటే మనకు కనబడకుండా ఉండదు. "ఏమైంది?" అని పిలిచి అడగండి. డాక్టరు తేలిక పని రాస్తే తేలిక పనే ఇవ్వండి. టూల్ రూములో కూర్చోబెట్టండి, మేకులు ఏరించకండి, నిచ్చెన ఎక్కించకండి. ఒకణ్ణి అదే రోజు డాక్టరుకు పంపితే మిగతా పది మందికి ధైర్యం వస్తది. ఒకణ్ణి తిట్టి పనికి తోలితే పది మంది నోరు మూసుకుంటారు.

ఇంకా, షట్టరింగ్ విప్పగానే చెక్కల మేకులు పీకించడం, నడిచే దారిలో రాడ్లు లేకుండా చూడటం మన చేతుల్లో ఉన్న పనులు. పదిహేను నిమిషాల పని ఒకరి పాదం కాపాడుతది.

*రూమ్‌మేట్లకు*

మీ రూములో ఎవరన్నా రాత్రి మూలుగుతున్నాడా, షూ విప్పడానికి కష్టపడుతున్నాడా? అడగండి. అతను సిగ్గుతో చెప్పకపోతే మీరు చెప్పండి. ఒక్కడే ఆఫీసుకు పోవడానికి భయపడితే తోడు పోండి. అవసరమైతే ఈ నంబర్లు ఇవ్వండి.

అంబులెన్స్: 998
కార్మిక శాఖ: 600590000 (హిందీలో అడగొచ్చు)
దుబాయ్‌లో భారత ప్రభుత్వ ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రం: 80046342, పైసలు పడవు

ఈసీఆర్ పాస్‌పోర్టుతో, ఇమిగ్రేషన్ క్లియరెన్స్‌తో వచ్చినోళ్ళకు ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ ఉంటది. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా పది లక్షల రూపాయల బీమా అది. ఆ పాలసీ కాగితం ఎక్కడుందో, గడువు ఎప్పటిదాకా ఉందో ఇవాళే చూసుకోండి, ఇంట్లో వాళ్ళకు కూడా చెప్పి పెట్టండి.

మనం ఈ దేశానికి తెచ్చుకున్న ఆస్తి ఏమీ లేదు. రెండు చేతులు, రెండు కాళ్ళు. చేతులు పని చేయాలన్నా ముందు కాళ్ళ మీద నిలబడాలి. ఊరికి పోయినాక పొలం గట్టు మీద నడవాల్సింది కూడా ఈ కాళ్ళతోనే.

చదవడం రాని అన్నలు మన గ్రూపులో ఉన్నారు. ఈ రాత్రి అన్నం తిన్నాక రూములో గట్టిగా చదివి వినిపించండి. చదివినాక అందరూ సాక్సులు విప్పి ఒకసారి అరికాళ్ళు చూసుకోండి. ఏమన్నా కనబడితే రేపు పొద్దున బస్సు ఎక్కకముందే ఫోర్‌మన్‌కు చెప్పండి.